ఎనిమిది అడుగుల బీవర్: ఇంటి త్రీడీ ప్రింటర్‌తో నీటి విమానం మోడల్ కట్టడం

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ నీళ్ల మీంచి ఒక సీప్లేన్ లేచి శ్రీశైలం వెళ్లింది. ఆ వీడియో చూస్తూ చాలామంది పైనున్న విమానాన్ని చూశారు. నా చూపు మాత్రం దాని కింద రెండు పడవల్లా ఉన్న ఫ్లోట్ల దగ్గర ఆగిపోయింది. ఆ విమానం డీ హావిలాండ్ కెనడా వాళ్ల ట్విన్ ఆటర్. అదే కంపెనీ అంతకు చాలా ముందు, 1947 ఆగస్టులో, తొలిసారి ఎగరేసిన ఒంటి ఇంజిన్ విమానం డీహెచ్‌సీ-2 బీవర్. రోడ్లు లేని కెనడా అడవుల్లో సరస్సు నుంచి సరస్సుకి మనుషుల్నీ సామాన్నీ మోయడానికి పుట్టింది. ఇప్పటికీ వాంకూవర్ రేవులో రోజూ లేస్తూ దిగుతూనే ఉంటుంది. మనం కట్టబోయేది దాని మోడల్, నేల మీంచి రిమోట్‌తో ఎగరేసేది.

బీవరే ఎందుకంటే, లెక్కలు సుఖం. అసలు విమానం రెక్క 48 అడుగులు. ఆరో వంతు తీసుకుంటే సరిగ్గా 8 అడుగులు, అంటే 2.44 మీటర్లు. రెక్క ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే వెడల్పు, కాబట్టి రిబ్బులన్నీ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డపలకలు) ఒకే అచ్చు. బాడీ పక్కలు దాదాపు బల్లపరుపు. ముక్కు దగ్గర గుండ్రటి ఇంజిన్ కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగు) తప్ప మరీ మెలికలు తిరిగిన ఆకారం లేదు. మొదటిసారి సొంతంగా గీసుకుని కట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి విమానం నాకు కనపడలేదు.

ఒక షరతు. మీకు మామూలు చక్రాల మోడల్ ఎగరేయడం బాగా వచ్చి ఉండాలి. నీటి మీద నేర్చుకోవడం మొదలుపెడితే నేర్చుకునేది ఈతే.

ముందు తక్కెడ, తర్వాత ప్రింటర్

ఇంట్లో ప్రింటర్ ఉంటే వచ్చే జబ్బు ఒకటుంది. ప్రతిదీ ప్రింట్ చేయాలనిపిస్తుంది. నా మొదటి ప్రయత్నంలో రెక్క లోపలి దూలం కూడా ప్రింట్ చేశాను. బాడీ ఒక్కటే రెండు కిలోలు దాటింది. అది గాల్లోకి లేవనే లేదు, షెడ్డులో వేలాడుతోంది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. వంపు ఉన్నదీ, ఒకే ఆకారం పదిసార్లు కావలసిందీ ప్రింటర్‌కి. బరువు లాగేది, వంగేది, మెలి పడేది కార్బన్ గొట్టానికి, ప్లైవుడ్‌కి.

అసలు బీవర్ ఫ్లోట్లతో గరిష్ఠంగా 5,090 పౌండ్లు, అంటే దాదాపు 2,300 కిలోలు. కొలత ఆరో వంతయితే బరువు 216వ వంతు అవుతుంది (6×6×6). అలా చూస్తే మన మోడల్ 10.7 కిలోలు ఉండొచ్చు. ఉండొచ్చు గానీ ఆ బరువుతో చెరువులో దిగడం పెద్ద టెన్షన్. 6.5 కిలోలు లక్ష్యం పెట్టుకోండి. 7 దాటితే ఎక్కడో తప్పు జరిగినట్టే. 6.5 దగ్గర ఉంటే వేగం గంటకి 40 కిలోమీటర్ల చుట్టుపక్కలకి తగ్గేదాకా రెక్క పట్టు వదలదు.

ఆ 6.5 కిలోలని నేను ఇలా పంచుకున్నాను: రెక్క 1,150 గ్రాములు, బాడీ 1,100, తోక 300, రెండు ఫ్లోట్లు 900, వాటి కాళ్లూ కడ్డీలూ తీగలూ 550, మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్), ప్రొపెల్లర్ కలిపి 950, బ్యాటరీ 1,150, సర్వోలూ (కదిలే పలకల్ని తిప్పే చిన్న మోటార్లు) రిసీవరూ (రిమోట్ సంకేతం అందుకునేది) 400. ఈ అంకెల్ని ఒక కాగితం మీద రాసి ప్రింటర్ పక్క గోడకి అంటించండి. ప్రతి ముక్కా ప్రింటర్ బెడ్ (ముక్క తయారయ్యే పలక) మీంచి తీయగానే వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి, బరువు ఆ ముక్క మీదే పెన్నుతో రాయండి. చాదస్తంలా ఉంటుంది. కానీ బరువు ఎప్పుడూ ఒక్కసారిగా పెరగదు. పచారీ కొట్టు ఖాతాలాగా పదీ ఇరవై చొప్పున పెరుగుతుంది.

ఏ ముక్కకి ఏ ఫిలమెంట్

ఫిలమెంట్ అంటే ప్రింటర్ కరిగించి పోసే ప్లాస్టిక్ తీగ. బాడీ, ఫ్లోట్ల పై పెంకు, రిబ్బులు, తోక: ఎల్‌డబ్ల్యూ-పీఎల్‌ఏ. ఇది నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే ముక్కు) వేడికి లోపల బుడగలు కట్టి ఇడ్లీ పిండిలా పొంగే రకం. మామూలు పీఎల్‌ఏ సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.24 గ్రాములు. ఇది పొంగాక అందులో సగం కన్నా తక్కువకి వస్తుంది.

మోటారు బిగించే చోటు, ఫ్లోటు కాళ్ల బ్రాకెట్లు, సర్వో పెట్టెలు: పీఈటీజీ లేదా ఏఎస్‌ఏ అనే ప్లాస్టిక్‌లు. మూతల కింద నీరు చొరకుండా పెట్టే పట్టీలు: రబ్బరులా వంగే టీపీయూ.

పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కెనడా వాళ్లకి ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. మనకి రోహిణి కార్తెలో అద్దాలు ఎత్తి నిలబెట్టిన కారు లోపల ఆ వేడి సులువుగా వస్తుంది. నాకు ఒక తోక ముక్క కారు వెనక సీట్లోనే అప్పడంలా వంకర పోయింది. అందుకే రంగు వేసేటప్పుడు తెలుపు, లేత పసుపు ఎంచుకోండి. నలుపు, ముదురు నీలం వద్దు. పని చేసే చోటికి కారులో తీసుకెళ్తే తెల్ల దుప్పటి కప్పండి.

పొంగే ఫిలమెంట్‌ని లొంగదీసుకోవడానికి ఒక సాయంత్రం కేటాయించండి. ఒకే గోడ ఉన్న చిన్న డబ్బాలు 230, 240, 250 డిగ్రీల దగ్గర ఒక్కొక్కటి ప్రింట్ చేయండి. ఎక్కడ ఎక్కువ పొంగిందో అది మీ వేడి. ఇక ఫ్లో (నాజిల్ పోసే ప్లాస్టిక్ మోతాదు) తగ్గించుకుంటూ రండి. సాధారణంగా 45 నుంచి 55 శాతం మధ్య ఎక్కడో గోడ మందం 0.5 మిల్లీమీటర్ల దగ్గర నిలుస్తుంది. ఈ రకం నాజిల్ లోంచి కారుతూనే ఉంటుంది, రిట్రాక్షన్ (తీగని కాస్త వెనక్కి లాగడం) పెట్టినా మాట వినదు. అందుకని నాజిల్ ఎక్కడా ఆగి గెంతకుండా, ఒకే గీత తెగకుండా తిరిగేలా ముక్కని గీసుకోవాలి. లోపల బలానికి అడ్డగోడలు కావాలంటే, బయటి పెంకు నుంచి లోపలికి వెంట్రుకంత సన్నటి చీలిక పెట్టండి. నాజిల్ ఆ చీలిక వెంబడి లోపలికి వెళ్లి పక్కనే వెనక్కి వస్తుంది. రెండు గీతలూ అతుక్కుని అడ్డగోడ అవుతుంది. ముగ్గు వేసేటప్పుడు చెయ్యెత్తకుండా చుక్కలన్నీ కలిపినట్టు. ఈ చిట్కా ఒంటబట్టాక మీ ముక్కల బరువు మూడో వంతు తగ్గుతుంది.

గీసుకోవడం

బీవర్ మూడు వైపుల బొమ్మలు (పై నుంచి, పక్క నుంచి, ముందు నుంచి) ఇంటర్‌నెట్‌లో చాలా ఉన్నాయి. ఫ్యూజన్, ఫ్రీక్యాడ్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వాటిని తెరిచి, రెక్క పొడవు 2,440 మిల్లీమీటర్లు వచ్చేలా పెంచుకోండి. ఆ తర్వాత బాడీ పొడవు కూడా కొలవండి. అసలు చక్రాల బీవర్ 30 అడుగుల 3 అంగుళాలు, కాబట్టి మీకు 1,537 మి.మీ. దగ్గర రావాలి. రాకపోతే ఆ బొమ్మ ఎవరో సాగదీసింది, పక్కన పడేయండి.

బాడీని 200 నుంచి 230 మి.మీ. ముక్కలుగా కోయండి. 220 మి.మీ. బెడ్ ఉన్న ప్రింటర్ అయితే క్యాబిన్ దగ్గర వెడల్పు పట్టదు, ఎడమ సగం కుడి సగం విడిగా చేసుకోవాలి. అతుకుల దగ్గర 3 మి.మీ. రంధ్రాలు వదిలి, అందులో వెదురు పుల్లలు గుచ్చితే ముక్కలు పక్కకి జరగవు. బజార్లో కబాబుల కోసం అమ్మే పుల్లలు సరిగ్గా సరిపోతాయి.

రిబ్బుకి క్లార్క్-వై అనే రెక్క ఆకారం తీసుకోండి. కింద వైపు దాదాపు చదును కాబట్టి బల్ల మీద పెట్టి రెక్క కట్టుకోవడం తేలిక. రెక్క వెడల్పు 265 మి.మీ. ఇది 220 బెడ్ మీద నిలువుగా పట్టదు గానీ మూలకి అడ్డంగా పెడితే పడుతుంది. 3 మి.మీ. మందం, మధ్యలో పెద్ద పెద్ద కిటికీలు, ఒక్కొక్కటి 5 గ్రాములు. 25 రిబ్బులు కలిపినా 125 గ్రాములే. బాల్సా (చాలా తేలికైన కర్ర) దొరికేవాళ్లు బాల్సాతో చేసుకున్నా మంచిదే, ఇంకాస్త తేలికవుతుంది. నేను మాత్రం ప్రింటర్‌ని రాత్రి ఆన్ చేసి పడుకుని పొద్దున్నే ఏరుకున్నాను.

రెక్క, బాడీ, తోక

రెక్కని రెండు సగాలుగా కట్టండి, లేకపోతే కారులో పట్టదు. ఒక్కో సగానికి ముందు వైపు 16 మి.మీ. కార్బన్ గొట్టం, వెనక 8 మి.మీ. గొట్టం. రిబ్బుల్ని ఈ రెండింటికీ గుచ్చి, ప్రతి అతుకు దగ్గరా ముప్పై నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు వేయండి. ఐదు నిమిషాల రకం తొందరగా గట్టిపడుతుంది గానీ ఎండకి మెత్తబడుతుంది. ముందు అంచుకి 1.5 మి.మీ. బాల్సా రేకు, మిగతాదానికి ఇస్త్రీతో అంటుకునే ఫిల్మ్. ఇస్త్రీ వేడి తగ్గించి వాడండి. కింద ఉన్నది పీఎల్‌ఏ అని మర్చిపోతే రిబ్బు కరిగి ఫిల్మ్‌కి అంటుకుంటుంది.

బీవర్ రెక్కకి ఒక్కో వైపు ఒక్కో స్ట్రట్ ఉంటుంది, బాడీ కింది నుంచి రెక్క మధ్యకి వెళ్లే వాలు కర్ర. మన మోడల్లో దాన్ని అలంకారంగా వదలొద్దు. 10 మి.మీ. కార్బన్ గొట్టం, రెండు చివర్లా ఎం4 బోల్టు, లోపల ప్లైవుడ్ ముక్క. రెక్క మోసే బరువులో పెద్ద వాటా దీనికి పోతుంది. అంతా బిగించాక బ్యాటరీ లోపల పెట్టి, ఇద్దరు మనుషులు రెక్క రెండు కొనలూ పట్టుకుని మెల్లగా ఎత్తండి. చప్పుడు వస్తే ఇప్పుడే రావాలి.

బాడీ లోపల ముక్కు నుంచి రెక్క వెనక అంచు దాకా 3 మి.మీ. ప్లైవుడ్ పెట్టె ఒకటి ఉండాలి. మోటారు, రెక్క, స్ట్రట్లు, ఫ్లోటు కాళ్లు అన్నీ దానికే తగులుకుంటాయి. ప్రింట్ చేసిన పెంకు దాని మీద తొడిగిన చొక్కా మాత్రమే. ఈ ఒక్క విషయం పట్టుకుంటే గట్టి దిగుడు దిగినా విమానం రెండు ముక్కలు కాదు.

తోకలో పెద్ద విశేషం లేదు, ఒక్కటి తప్ప. ఫ్లోట్లు ముందుకి చొచ్చుకుని ఉంటాయి కాబట్టి పక్కగాలికి ముక్కు తిరిగిపోతుంది. అసలు బీవర్‌కి కూడా ఫ్లోట్లు పెట్టినప్పుడు తోక దగ్గర అదనపు నిలువు రెక్కలు వేస్తారు. మీరూ తోక కింద ఒక ఫిన్ పెట్టండి.

ముక్కులో కనపడే ఇంజిన్ ప్రాట్ అండ్ విట్నీ ఆర్-985, తొమ్మిది సిలిండర్లు, 450 హార్స్‌పవర్. ఒక సిలిండర్ గీసి తొమ్మిదిసార్లు ప్రింట్ చేస్తే అయిపోయింది. ముందు సగం మాత్రం చేయండి, వెనక సగం ఎవరికీ కనపడదు. సిలిండర్ల మధ్య ఖాళీలు మూయొద్దు. మోటారుకీ ఈఎస్‌సీకీ గాలి వెళ్లే దారి అదే.

ఫ్లోట్లు: అసలు కథ ఇక్కడుంది

మిగతా విమానం ఎలా కట్టినా ఏదో ఒకలా ఎగురుతుంది. ఫ్లోటు తప్పయితే నీళ్ల మీంచి లేవదు. కాబట్టి ఇక్కడ నిదానంగా చదవండి.

బీవర్ వాడే ఫ్లోట్ల పేరు ఎడో 4580. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. ఒక్కో ఫ్లోటు పూర్తిగా మునిగితే 4,580 పౌండ్ల నీటిని తోస్తుంది. రెండూ కలిపి 9,160. విమానం బరువు 5,090. భాగిస్తే 1.8. అంటే విమానం బరువుకి మించి 80 శాతం తేలే శక్తి చేతిలో ఉంచుకోవాలన్న నియమం ఆ పేరులోనే ఉంది. మన 6.5 కిలోలకి ఈ లెక్కన రెండు ఫ్లోట్లూ కలిపి కనీసం 11.7 లీటర్లు చాలు. అసలు ఫ్లోటుని ఆరో వంతుకి దించితే ఒక్కొక్కటే 9.6 లీటర్లు వస్తుంది. మన విమానం తేలిక కాబట్టి మిగులు ఎక్కువ. ఆ మిగులు ఉంచుకోండి, ఎక్కడైనా నీరు చొరినా ఒడ్డుకి వస్తుంది.

నేను పెట్టుకున్న కొలతలు: పొడవు 1,200, వెడల్పు 150, ఎత్తు 115 మి.మీ. కింద వైపు చదునుగా కాదు, పడవలా వీ ఆకారంలో. మధ్యకి కాస్త వెనక అడుగున ఒక మెట్టు ఉంటుంది. దీన్ని స్టెప్ అంటారు.

ఈ మెట్టు ఎందుకో తెలియాలంటే వంటింట్లోకి వెళ్లండి. కుళాయి సన్నగా తిప్పి, గరిటె వెనక వైపు వంపుని ఆ ధారకి ఆనించండి. నీరు గరిటెని తోసేస్తుందనుకుంటాం. తోయదు, తన వైపు లాక్కుంటుంది. వంపు తిరిగిన అడుగు వేగంగా వెళ్తుంటే నీరు ఇలాగే పట్టుకుని వదలదు. మెట్టు దగ్గర అడుగు హఠాత్తుగా తెగిపోతుంది. నీరు అక్కడ విడిపోయి, కిందికి గాలి చొరబడుతుంది. అప్పుడు విమానం ఫ్లోటు ముందు సగం మీద మాత్రమే జారుతూ వేగం అందుకుంటుంది.

అందుకే మూడు జాగ్రత్తలు. మెట్టు అంచు కత్తిలా ఉండాలి. ప్రింటర్ మూలల్ని గుండ్రం చేస్తుంది, మీ సాండ్‌పేపర్ ఇంకా గుండ్రం చేస్తుంది. అక్కడ పీఈటీజీ పట్టీ ఒకటి విడిగా ప్రింట్ చేసి అంటించి, పుట్టీ పెట్టి అంచు తీర్చుకోండి. మెట్టు లోతు 10 నుంచి 12 మి.మీ. రెండోది, మెట్టుకి ముందున్న 200 మి.మీ. అడుగు ఉక్కు స్కేలు పెడితే సందు లేకుండా తిన్నగా ఉండాలి. అక్కడ కాస్త పొంగినా కాస్త గుంట పడినా విమానం నీళ్ల మీద కప్పలా ఎగిరెగిరి పడుతుంది. మూడోది, మెట్టు వెనక అడుగు తోక వైపు 7, 8 డిగ్రీలు పైకి లేవాలి. లేకపోతే ముక్కు ఎత్తడానికి చోటుండదు.

ఒక్కో ఫ్లోటు 240 మి.మీ. చొప్పున ఐదు ముక్కలు, నిలబెట్టి ప్రింట్ చేయాలి. ప్రతి అతుకు దగ్గరా పూర్తిగా మూసిన అడ్డగోడ ఉంటే ఐదు గదులవుతాయి. ఒక గదిలో నీరు చేరినా మిగతా నాలుగూ తేలుస్తాయి. నిజం ఫ్లోట్లూ అంతే. పై వైపు పొడవునా లోపల 8 మి.మీ. కార్బన్ గొట్టం ఒకటి పోనివ్వండి. కాళ్లు బిగించే చోట రెండు ప్లైవుడ్ దిమ్మలు ఆ గొట్టానికి కట్టుకోవాలి.

పొంగిన పీఎల్‌ఏ నీటిని ఆపదు. చూడ్డానికి గట్టి పెంకే, సూక్ష్మంగా జల్లెడే. పై నుంచి గ్లాస్ క్లాత్ పరిచి ఎపాక్సీ రెజిన్ పట్టించాలి. అడుగున చదరపు మీటరుకి 50 గ్రాముల గుడ్డ, వీ అంచు మీదా మెట్టు మీదా రెండు పొరలు. పై వైపుకి 25 గ్రాముల గుడ్డ చాలు. రెజిన్‌ని పాత ఏటీఎం కార్డుతో లాగండి. గుడ్డ నేత కనపడుతూ ఉంటే సరిపోయింది, అద్దంలా మెరుస్తుంటే ఎక్కువైంది. ఎక్కువైనదాన్ని టిష్యూ కాగితం చుట్టి దొర్లిస్తే పీల్చేస్తుంది. చేతికి గ్లవ్స్, సాండింగ్ అప్పుడు మాస్క్ తప్పనిసరి. వానాకాలం ఈ పని పెట్టుకోకండి. గాలిలో తేమకి రెజిన్ పైన జిడ్డు పొర వస్తుంది, అది కడక్కుండా రంగు వేస్తే పెచ్చులుగా ఊడుతుంది.

పూర్తయిన ఒక్కో ఫ్లోటు 450 గ్రాములు ఉండాలి. ఇప్పుడు పరీక్ష. ఊళ్లో పశువులు నీళ్లు తాగే సిమెంటు తొట్టి దీనికి దివ్యంగా ఉంటుంది. ముందు కాటా మీద తూచి రాసుకోండి. తొట్టిలో పెట్టి పైన నీళ్లు నింపిన ఒక లీటరు సీసాలు ఐదు కట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దున తుడిచి మళ్లీ తూచండి. పది గ్రాములు పెరిగినా ఎక్కడో కన్నం ఉంది. నాకు మొదటి ఫ్లోటు 140 గ్రాములు పెరిగింది. వెతగ్గా వెతగ్గా కాలు బోల్టు దిగిన రంధ్రం దగ్గర దొరికింది. బోల్టు రంధ్రాలన్నీ ముందు కాస్త పెద్దగా తొలిచి, ఎపాక్సీతో పూడ్చి, మళ్లీ సన్నగా తొలవండి.

ఇంకో సంగతి అనుభవం మీదే తెలుస్తుంది. మూసిన ఫ్లోటు ఎండలో ఉంటే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. చల్లటి నీళ్లలో దించగానే సంకోచించి, ఉన్న ప్రతి సూదిబెజ్జం లోంచీ నీటిని పీలుస్తుంది. దీనికి మందు, ప్రతి గదికీ పై వైపు 1 మి.మీ. రంధ్రం, దానికి చిన్న సిలికాన్ గొట్టం. గొట్టాన్ని కాలు వెంబడి పైకి తీసుకెళ్లి వదిలేయండి. గదికి వెనక కింది మూలలో ఒక నైలాన్ స్క్రూ పెడితే నీరు వంపుకోవచ్చు.

ఫ్లోట్లు ఎక్కడ తగిలించాలి

మొదట బరువు కేంద్రం కుదర్చండి. రెక్క ముందు అంచు నుంచి 72 మి.మీ. వెనక్కి, అంటే రెక్క వెడల్పులో 27 శాతం. బ్యాటరీని జరిపి దీన్ని సాధించాలి, సీసం ముక్కలతో కాదు.

మెట్టు ఈ కేంద్రానికి 15 నుంచి 25 మి.మీ. వెనక రావాలి. బాగా వెనక్కి పోతే ముక్కు ఎత్తడం కష్టం. ముందుకి వస్తే విమానం తోక మీద కూర్చుంటుంది. కాళ్ల బ్రాకెట్లలో గుండ్రటి రంధ్రం బదులు పొడుగాటి గాడి పెట్టండి, మొదటి రోజు ఒడ్డునే స్పానరుతో అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఫ్లోటు పై భాగంతో పోలిస్తే రెక్క 2 నుంచి 3 డిగ్రీలు ముక్కు ఎత్తి ఉండాలి. ఫోన్లోని లెవెల్ యాప్ దీనికి సరిపోతుంది. రెండు ఫ్లోట్ల మధ్య దూరం, మధ్య గీత నుంచి మధ్య గీతకి, 540 మి.మీ. తగ్గిస్తే పక్కగాలికి ఒరుగుతుంది.

కాళ్లు అల్యూమినియం గొట్టాలు, ఫ్లోట్ల మధ్య రెండు అడ్డకడ్డీలు, మూలలకి ఎక్స్ ఆకారంలో సన్న స్టీలు తీగ. తీగలు లేకపోతే మొదటి గట్టి దిగుడుకే ఫ్లోట్లు కాళ్లు బార చాపుతాయి. స్క్రూలూ బోల్టులూ అన్నీ స్టెయిన్‌లెస్.

నీటి రడ్డర్ (నీళ్ల మీద మళ్లించే చుక్కాని) ఒక్క ఫ్లోటుకి చాలు. తోక రడ్డర్ సర్వోతోనే సన్నటి కేబుల్ లాగొచ్చు గానీ నేను ఫ్లోటు పైన విడిగా వాటర్‌ప్రూఫ్ సర్వో పెట్టాను, కేబుల్ గొడవ లేదు.

కరెంటు సంగతి

నీటి విమానానికి కిలోకి 300 వాట్ల దాకా కావాలి, చక్రాల దానికన్నా ఎక్కువ. 6.5 కిలోలకి దాదాపు 1,950 వాట్లు. 8ఎస్ (ఎనిమిది సెల్లుల) 5,000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 100 ఆంపియర్ల ఈఎస్‌సీ, కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి తిరిగే చుట్లు) 250 చుట్టుపక్కల మోటారు, 20×10 ప్రొపెల్లర్ (వ్యాసం 20 అంగుళాలు, పిచ్ 10 అంగుళాలు). ప్రొపెల్లర్ కొనకీ నీటికీ మధ్య కనీసం 60 మి.మీ. ఖాళీ చూసుకోండి. నీటి తుంపరలే ప్రొపెల్లర్ అంచుని తినేస్తాయి. రిసీవర్‌ని బెలూన్‌లో పెట్టి మూతి కట్టండి. వినడానికి నవ్వులాటగా ఉన్నా చెరువులో బోల్తా పడ్డ రోజు నా రిసీవర్‌ని కాపాడింది రెండు రూపాయల బెలూనే.

చెరువు, గాలి, మొదటి పరుగు

మన 2021 డ్రోన్ నిబంధనల్లో 2 కిలోలు దాటి 25 కిలోల లోపుది స్మాల్ తరగతి. వెళ్లే చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్) మ్యాప్‌లో చూసుకోండి. గన్నవరం, శంషాబాద్ లాంటి విమానాశ్రయాల దరిదాపుల్లో ఆలోచన కూడా వద్దు. రిజిస్ట్రేషన్ సంగతి డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) ప్రస్తుత నిబంధనల్లో చదవండి.

చెరువు ఎంచుకోవడంలో నేను చూసేవి: గుర్రపు డెక్క లేకుండా కనీసం 200 మీటర్ల తేటనీరు, కరెంటు తీగలు లేని గట్టు, చేపల వలల కర్రలు ఎక్కడున్నాయో చెప్పే మనిషి. చెరువు పాటకి తీసుకున్న వాళ్లని ముందు రోజే కలిసి అడగండి. వాళ్ల తెప్పో పుట్టో ఒకటి అద్దెకి ఒడ్డున ఉంచుకోండి, మోటారు ఆగిపోతే తెచ్చేది అదే. ఈత వచ్చినా సరే, మీరు దిగకండి. చెరువు అడుగున ముళ్ల కంపా బురదా ఉంటాయి.

ఉదయం ఏడు లోపు వెళ్లండి. నీరు పూర్తిగా అద్దంలా ఉంటే మంచిదనుకుంటాం, కాదు. చిన్న చిన్న అలలు ఉంటేనే ఫ్లోట్లు నీటిని వదులుతాయి, దిగేటప్పుడు ఎత్తు కూడా తెలుస్తుంది. అద్దంలాంటి నీటి మీద నిజం పైలట్లు సైతం ఒక ఫ్లోటుని ఐలరాన్‌తో (రెక్క కొన దగ్గర కదిలే పలక) ముందు ఎత్తి, రెండోదాన్ని తర్వాత విడిపిస్తారు.

మొదటి గంట ఎగరేయొద్దు. ఎలివేటర్ (ముక్కుని ఎత్తీ దించే తోక పలక) స్టిక్ పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుని, నీళ్ల మీదే నెమ్మదిగా తిప్పండి. పక్క నుంచి గాలి వస్తే విమానం తనే గాలికి ఎదురు తిరుగుతుంది. దాంతో పోట్లాడకండి, అటే పోనివ్వండి. ఒడ్డుకి తెచ్చి ఫ్లోట్లలో నీరుందేమో వంపి చూడండి.

ఇక లేపడం. గాలికి ఎదురుగా నిలపండి. ఫ్లాపులు (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) 15 డిగ్రీలు. బీవర్‌లో ఫ్లాపులతో పాటు ఐలరాన్లు కూడా కాస్త కిందికి దిగుతాయి, కావాలంటే ట్రాన్స్‌మిటర్‌లో మీరూ కలుపుకోవచ్చు. ఎలివేటర్ వెనక్కి పట్టి, మూడు నాలుగు సెకన్లలో థ్రాటిల్ (మోటారు పవర్) పూర్తిగా ఇవ్వండి. ముక్కు పైకి లేస్తుంది, వెనక నీరు తెల్లగా చిమ్ముతుంది. ఒక క్షణం ముందుకి పోనట్టు అనిపిస్తుంది. అప్పుడు ఎలివేటర్ మెల్లగా మధ్యకి వదలండి. విమానం మెట్టు మీదకి ఎక్కి, చప్పుడు మారి, ఒక్కసారిగా పరుగందుకుంటుంది. ఇక్కడే అందరూ తొందరపడి లాగేస్తారు. లాగకండి. ఇంకో రెండు సెకన్లు పరిగెత్తనిచ్చి వేలితో తాకినట్టు వెనక్కి అంటే చాలు, దానంతట అదే వదిలేస్తుంది. కప్పగంతులు మొదలైతే థ్రాటిల్ తీసేసి ఆగండి. ఎలివేటర్‌తో సరిదిద్దబోతే గంతు ఇంకా పెద్దదవుతుంది.

దిగేటప్పుడు కాస్త పవర్ ఉంచి, నీటికి అడుగు ఎత్తులో సమంగా ఎగరనిస్తూ ముక్కు కొంచెం ఎత్తి కూర్చోబెట్టండి. అటుపక్క ఒడ్డుకి దగ్గరగా, గట్టు కనపడేలా దిగితే ఎత్తు తేలిగ్గా తెలుస్తుంది. నీటిని తాకాక ఎలివేటర్ వెనక్కే ఉంచండి, విమానం ఆగేదాకా.

మొదటి రోజు ఐదు నిమిషాల ఎగురుడు రెండు చాలు. ఇంటికి రాగానే నైలాన్ స్క్రూలు విప్పి ఫ్లోట్లు నిలబెట్టండి, బాడీ మూత తీసి ఫ్యాను కింద పెట్టండి. మోటారు బేరింగులకి ఒక చుక్క నూనె. మర్నాడు ఫ్లోట్లని మళ్లీ కాటా మీద పెట్టి, ప్రింటర్ పక్క గోడ మీది కాగితంలో కొత్త అంకె రాయండి. పాత అంకెకన్నా ఎనిమిదో తొమ్మిదో గ్రాములు ఎక్కువుంటే బోల్టు రంధ్రాల దగ్గర నుంచి వెతకడం మొదలుపెట్టండి.